ఒంట్లో నల్లమందు, ఒడ్డున పెద్దవల

మనిషి ఒంట్లోనే నల్లమందు లాంటిదొకటి తయారవుతుందని మొదటిసారి క్లాసులో విన్నప్పుడు నాకు వచ్చిన సందేహం శాస్త్రానికి సంబంధించింది కాదు. మరి లైసెన్సు ఎవరిచ్చారు అని. అదే మాట పక్కన కూర్చున్న రూమ్మేటు చెవిలో అడిగాను. వాడు నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. మేడమ్ దగ్గినవాణ్ణి వదిలేసి నన్ను లేపారు.

"ఏమిటయ్యా, పైకి చెప్పు. మాకూ నవ్వాలని ఉంటుంది."

చెప్పాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "మంచి ప్రశ్నే. ఆ లైసెన్సు కష్టపడ్డవాళ్ళకే ఇస్తారు. నీకు రావడం కష్టం," అన్నారు.

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడు సంగతి ఇది. నేను శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నాను. చదువుతున్నాను అన్నది ఇంట్లో వాళ్ళ మాట. మాది చీపురుపల్లి పక్కన పల్లె. వరి, చోళ్ళు, నువ్వులు పండించుకునే కుటుంబం. మా ఇంట్లో అందరూ వంగి పనిచేసేవాళ్ళే. నేనొక్కణ్ణే ఆనుకుని పనిచేసేవాణ్ణి. గోడకో, గడ్డిమేటుకో, ఏదీ లేకపోతే మనిషికో.

ఆ రోజు మేడమ్ చెప్పిన పాఠం మాత్రం నాకు బాగా పట్టుబడింది. చాలాసేపు ఆపకుండా కష్టపడితే, పరుగో ఈతో బరువు లాగడమో ఏదైనా సరే, మెదడూ దాని కింద వేలాడే చిన్న గ్రంథీ కలిసి ఎండార్ఫిన్లు అనే పదార్థాల్ని వదులుతాయి. నల్లమందు వెళ్ళి ఏ తలుపు తడుతుందో ఇవీ అదే తలుపు తడతాయి. నొప్పి కాస్త వెనక్కి తగ్గుతుంది, మనసు తేలికవుతుంది. ఓపికకీ ఓపియంకీ ఏదో దూరపు చుట్టరికం ఉండే ఉంటుందని నోట్సు అంచున రాసుకున్నాను. ఆ ఏడాది నేను సొంతంగా రాసుకున్న నోట్సు అదొక్కటే.

అప్పటికి నా ప్రాజెక్టు పరిస్థితి ఏమీ బాగాలేదు. మొదట నత్తల మీద చేస్తానన్నాను. వాటి వేగం నాకు నచ్చింది. సెమినారు నాటికి అవీ నేనూ ఉన్నచోటే ఉన్నాం. మేడమ్ నా కాగితాలు తిరగేసి, తిరగేయడానికి పెద్దగా లేక, పక్కన పెట్టారు.

"వేసవి సెలవుల్లోపు ప్రాజెక్టు ఇవ్వలేదో, వచ్చే ఏడు జూనియర్లతో కూర్చుంటావు."

ఈ మాట ఇంకెవరికైనా మామూలు బెదిరింపు. నాకు కాదు. ఆ జూనియర్లలో మా చెల్లెలు ఉంది. నాకన్నా బుద్ధిమంతురాలు, నాకన్నా ముందు లేచేది, నేను చేరిన కాలేజీలోనే, నేను చేరిన కోర్సులోనే చేరింది. కబురు దానికి ఎలా తెలిసిందో గాని సాయంత్రానికల్లా క్యాంటీను దగ్గర పట్టుకుంది.

"అన్నియ్యా, వచ్చే ఏడు నా పక్క బెంచీ ఖాళీగా ఉంచీమంటావేటి?"

"నోర్ముయ్యవే."

"కాదు, ముందే సెప్తే మంచిది. కిటికీ పక్క సీటు నీకిచ్చీగలను. నీకు నిద్రొస్తాది కదా."

ఆ రాత్రే నత్తలకి సెలవిచ్చేశాను. మర్నాడు మేడమ్ గదికి వెళ్ళి, కష్టం చేసినప్పుడు ఒంట్లో పుట్టే ఈ నల్లమందు మీద ప్రాజెక్టు చేస్తానన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను కొత్తగా చూశారు. "కష్టం మీదా? నువ్వా?" అన్నారు. తరవాత కుర్చీ చూపించారు.

"రక్తంలో కొలవాలంటే కిట్లు కావాలి. అవి మన కాలేజీ గేటు దాటి లోపలికి రావు. వచ్చినా, రక్తంలో ఉన్నంతా మెదడులోనూ ఉందని చెప్పలేం. మధ్యలో గోడ ఉంది. అందుకని నువ్వు నొప్పిని కొలువు. కష్టానికి ముందు ఎంత ఓర్చుకుంటున్నారు, కష్టం అయిన వెంటనే ఎంత ఓర్చుకుంటున్నారు. బకెట్టులో ఐసు నీళ్ళు పోసి చెయ్యి పెట్టించు. ఎంతసేపటికి తీస్తారో చూడు. అది మందుని కొలిచినట్టు కాదు, పొగని చూసి పొయ్యి వెలిగిందనుకున్నట్టు. ఆ మాట కూడా రాయి. ఈ విషయంలో పుస్తకాలకే ఒకదానితో ఒకటి పేచీ. ఆ సుఖంలో వేరే పదార్థాలకీ వాటా ఉందనేవాళ్ళున్నారు."

కష్టపడేవాళ్ళు కావాలి. ఎచ్చెర్ల దగ్గర హైవే అంచున తెల్లవారుతూనే ఆర్మీ సెలక్షన్ల కోసం పరిగెత్తే కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. ముందు వాళ్ళతో పరిచయం చేసుకుందామని, అసలా సుఖం ఎలా ఉంటుందో నేనే రుచి చూద్దామని, బూట్లు అడిగి తెచ్చుకుని వాళ్ళ వెనకాల పడ్డాను. కాసేపటికి వాళ్ళు వెనకాల పడటానికి కూడా అందలేదు. వాళ్ళలో ఒకడు జాలిపడి వెనక్కి వచ్చి నా పక్కన పరిగెత్తాడు. నా పక్కన పరిగెత్తడమంటే వాడికి నడకే.

"అన్నా, ఆయాసం వస్తే ఆగిపోకూడదు. దాన్ని దాటీయాల."

"దాటితే ఏముంటుంది?"

"చిలకపాలెం ఉంటాది."

నేను చిలకపాలెం దాకా పోలేదు. పుస్తకంలో రాసిన సుఖం ఎక్కడో ముందుంటుందని పరిగెత్తాను గాని, దానికన్నా ముందు టీ కొట్టు వచ్చింది. పైగా ఆ కుర్రాళ్ళు సెలక్షన్లు అయ్యేదాకా తమ ఒంటి మీద ఏ ప్రయోగమూ వద్దన్నారు. వాళ్ళ మాట న్యాయమే.

గదిలో కాళ్ళకి జండూబామ్ రాసుకుంటుంటే నా రూమ్మేటు చూసి అన్నాడు, "ఒరే బావా, నీకు అలిసిపోయినోళ్ళు కావాలంటే రోడ్డు మీద ఎతుకుతావేటిరా. మా ఊరు రా. పెద్దవల లాగినోళ్ళని సూపిస్తాను."

వాడిది సముద్రం ఒడ్డు ఊరు. వాళ్ళ ఇంట్లో మగవాళ్ళు వేటకి వెళ్తారు, వాళ్ళమ్మ చేపలు అమ్ముతుంది. మేమిద్దరం చుట్టాలం కాము. గది పంచుకున్న మొదటి నెలలోనే వాడు నన్ను బావా అన్నాడు, నేనూ అన్నాను. దాంతో వాళ్ళమ్మ నాకు అత్త అయిపోయింది, ఆవిడ అన్నగారు మావ అయిపోయాడు. ఆ మావే పెద్దవలకి తండేలు, అంటే ఆ జట్టుకి పెద్ద.

పెద్దవల సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. పడవ మీద వలని తీసుకువెళ్ళి సముద్రంలో పెద్ద విల్లులా చుట్టి వస్తారు. దాని రెండు కొసలకీ కట్టిన రెండు పొడవాటి తాళ్ళు ఒడ్డుకి వస్తాయి. ఒక తాడు దగ్గర ఒక జట్టు, అల్లంత దూరాన రెండో తాడు దగ్గర ఇంకో జట్టు. ఇసకలో వెనక్కి నడుస్తూ లాగుతారు. చివరికి చేరినవాడు తాడు వదిలేసి మళ్ళీ నీళ్ళ దగ్గరికి వచ్చి పట్టుకుంటాడు. అలా పొద్దున్న మొదలుపెడితే ఎండ నడినెత్తికి వచ్చేదాకా. ఓపికని కొలవడానికి ఇంతకన్నా మంచి చోటు ఆ జిల్లాలో లేదనిపించింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు బకెట్టు, స్టాప్‌వాచీ ఉన్న ఫోను, మొహం నిండా గాంభీర్యం పట్టుకు వెళ్ళాను. ఐసు మాత్రం తీసుకెళ్ళలేదు. చేపలూరికి ఐసు తీసుకెళ్ళేంత అమాయకుణ్ణి కాననుకున్నాను. అమాయకత్వం ఇంకో వైపు నుంచి వచ్చింది.

వల లాగడానికి ముందే కొలతలు తీసుకోవాలి. మగవాళ్ళు ఇంకా పడవ దగ్గరే ఉన్నారు. సరే, ముందు అలవాటు కోసం అత్త మీద ప్రయత్నిద్దామని, ఆవిడ చేపల పెట్టెలోంచి ఐసు బకెట్టులో వేసి నీళ్ళు పోశాను.

"అత్తా, ఇందులో చెయ్యి పెట్టు. నొప్పి ఓర్చుకోలేననిపించినప్పుడు తీసెయ్యి."

"అంతేనా? దీనికి ఇంత సదువు సదవాల?" అని ఆవిడ మోచేతి దాకా ముంచేసింది.

నేను ఫోను చూస్తున్నాను. ఆవిడ రెండో చేత్తో గాలిలో సైగలు చేస్తూ, పక్కింటావిడతో నిన్న బజారులో కానాగంత చేపలు ఎలా అమ్ముడుపోయాయో చెప్పడం మొదలుపెట్టింది. కానాగంతలు అయిపోయాయి, నెత్తళ్ళు వచ్చాయి. నెత్తళ్ళు అయిపోయాయి, పక్కింటావిడ కోడలు వచ్చింది. చివరికి నేనే అడిగాను.

"అత్తా, నొప్పి లేదా?"

"ఏటి నొప్పి? ఓ, ఇదా," అని చెయ్యి తీసి చీర కొంగుకి తుడుచుకుంది. "పొద్దుగూకులూ ఐసులో సేప తిరగేస్తాను కదా అల్లుడూ. నాకు ఎండలో ఉన్నట్టే ఉన్నాది."

రోజంతా ఐసు పెట్టెల్లో చేతులు పెట్టుకుని బతికే ఊరికి ఐసు బకెట్టు పట్టుకెళ్ళి నొప్పి ఉందా అని అడిగినవాణ్ణి నేనే. మగవాళ్ళ మీదైనా పనిచేస్తుందేమోనన్న ఆశ ఉండేది. వాళ్ళూ చేపలు ఐసులో సర్దేవాళ్ళే. అది చాలదన్నట్టు వాళ్ళ మధ్య బావా బావమరుదులు ఎక్కువ. ఒక బావ చెయ్యి పెట్టాడంటే, రెండో బావ దాన్ని చూస్తూ ఊరుకోడు.

"ఏట్రా బావా, తీసీసినావు? సల్లగా ఉందేటి? మీ అక్కని పిలిసి ఉన్ని సొక్కా తెమ్మనా?"

"నానెక్కడ తీసినాన్రా, దోమ కుడితే గోక్కున్నాను. ఇదిగో మళ్ళీ ఎట్టినాను సూడు."

నొప్పని ఒక్కరూ చెయ్యి తీయలేదు. ఐసే కరిగిపోయింది. ఎలా ఉంటుందో చూద్దామని నా చెయ్యి పెట్టాను. పెట్టినంత వేగంగా బయటికి వచ్చింది. ఆ ఒడ్డు మీద ఐసు నీళ్ళు తగిలి గెంతినవాడు నేనొక్కణ్ణే కాబట్టి ఆ పూట జట్టంతటికీ అదే వినోదం.

మేడమ్ ఇదంతా విని చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. ఆవిడ భుజాలు కదలడం చూసి కోపం అనుకున్నాను. కాదు.

"సరే. ఐసు పనికిరాదు. పట్టీ బిగించు," అన్నారు. బీపీ మిషను పట్టీని చేతికి చుట్టి మెల్లగా గాలి కొడుతూ పోతే, ఒక చోట నొప్పి భరించలేక మనిషి చాలు అంటాడు. ఆ చాలు దగ్గర సూది ఎక్కడుందో రాసుకోవాలి. "వెంటనే గాలి వదిలెయ్యి. ఒకరొకరినే పడవ చాటుకి పిలిచి చెయ్యి. బావమరుదుల ఎదురుగా ఎవడూ చాలు అనడు. ఇంకొక మాట. వల వచ్చిన వెంటనే కొలవాలి. కూర్చుని, నీళ్ళు తాగి, కబుర్లు చెప్పుకున్నారంటే ఆ మందు ప్రభావం దిగిపోతుంది. గడువు దగ్గర పడింది. ఈసారి తప్పిందంటే మళ్ళీ వెళ్ళే వ్యవధి నీకు లేదు."

బీపీ మిషను కూడా ఆవిడే ఇచ్చారు. వాళ్ళ అత్తగారిది. "పగలగొట్టకు. అప్పుడు నాకు బీపీ వస్తుంది," అన్నారు.

రెండోసారి ఆ మిషను సంచితో ఊళ్ళోకి దిగేసరికి మెడికల్ క్యాంపు వచ్చిందన్న కబురు నాకన్నా ముందు ఒడ్డుకి చేరింది. ముసలమ్మలు వరసగా ఇసకలో కూర్చున్నారు. నేను డాక్టర్ని కానని చెప్పాను. ఒకావిడ, "పర్నేదు బాబూ, ఉన్నంతలో సూడు," అంది. రూమ్మేటు వాళ్ళకి సర్ది చెప్పి పంపించాడు గాని, వెళ్తూ వెళ్తూ అందరూ నా వైపు ఓ చూపు చూశారు. వైద్యం దాచుకున్నవాణ్ణి చూసే చూపు.

వల లాగక ముందు కొలతలు పడవ చాటున సజావుగా సాగాయి. చాటుకి వచ్చాక ఎంత మీసం ఉన్నవాడైనా మర్యాదగా చాలు అన్నాడు. తండేలు మావ మాత్రం పట్టీ బిగుస్తుంటే కళ్ళు మూసుకుని, "సాలు అంటాను గాని మా బావమరిదికి సెప్పకు," అన్నాడు.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాకు ఇంకో ఆలోచన వచ్చింది. లాగేటప్పుడు వాళ్ళు పాడతారు. ఒకడు ముందు పదం అందుకుంటాడు, మిగతావాళ్ళు హైలెస్సా అని లాగుతారు. నలుగురూ ఒకే తాళంలో కష్టపడితే ఆ మందు ఇంకా ఎక్కువ ఊరుతుందేమోనని మేడమ్ ఓసారి అన్నారు. మరి రెండు తాళ్ళున్నాయి కదా. ఉత్తరం తాడు వాళ్ళు పాడుతూ లాగాలి, దక్షిణం తాడు వాళ్ళు నోరు మూసుకుని లాగాలి. తరవాత రెండు జట్లనీ పోల్చాలి. వినగానే మావ గెడ్డం గోక్కున్నాడు.

"పాడకుండా లాగితే ఏటొస్తాది అల్లుడూ?"

"అదే చూద్దామని మావా."

"సరే, కాసేపు సూడు."

కాసేపే చూశాను. ఉత్తరం వాళ్ళు హైలెస్సా అని ఒక్క గుంజు గుంజితే, దక్షిణం వాళ్ళలో ఒకడు ముందు లాగాడు, ఒకడు తరవాత లాగాడు, ఒకడు పక్కవాడు లాగుతున్నాడా లేదా అని చూశాడు. పాట నాకు వినోదం. వాళ్ళకి అది రెండు తాళ్ళనీ కలిపే మూడో తాడు. ఆ తాడు దగ్గరున్నవాళ్ళకి ఈ తాడుని ఏ క్షణాన లాగుతున్నారో చెవిలోంచే తెలుస్తుంది. వల ఒక పక్కకి ఒరగబోతోందని మావ కేకేశాడు.

"ఒరే, మీకు మూగనోము పట్టిందేటి? లాగండి."

"పాడొద్దన్నాడు కదా మావా, సీపురుపల్లి బాబు."

పాడొద్దన్నాను గనక వాళ్ళు నిజంగానే ప్రయత్నించారు. మొదట ఒకడు తాళానికి దగ్గాడు. ఇంకొకడు ముక్కుతో మూలిగాడు. ఆ మూలుగు నడుస్తూ నడుస్తూ మొత్తం జట్టుకి పాకింది. చివరికి వాళ్ళ పాటగాడు ఇక ఉండబట్టలేక నన్నే చూస్తూ అందుకున్నాడు.

"సీపురుపల్లి అల్లుడొచ్చె."

"హైలెస్సా."

"సేతికేమో పట్టీ కట్టె."

"హైలెస్సా."

"నోటికేమో తాళమేసె."

"హైలెస్సా."

ఉత్తరం తాడు వాళ్ళు నవ్వుతూనే అందుకున్నారు. వల మళ్ళీ తిన్నగా వచ్చింది. నా ప్రయోగంలో సగం అక్కడే సముద్రంలో కలిసింది.

"నిలబడి సూస్తే సేపలు రావు అల్లుడూ," మావ నన్ను పిలిచాడు. దక్షిణం జట్టులో ఒకతను పెళ్ళికి వెళ్ళాడట. "పట్టు."

సంచి రూమ్మేటు చేతికిచ్చి తాడు పట్టుకున్నాను. మొదట్లో అంతా నొప్పే. అరచేతులు మండాయి. ఇసక మడమల్ని కిందికి లాగేది. తాడు సముద్రం వైపు వెళ్తానంటుంది, నేను చీపురుపల్లి వైపు వెళ్తానంటాను. ముందున్న పెద్దాయన వెనక్కి తిరగకుండానే, "సేతులతో కాదు బాబూ, నడుంతో లాగు. సేతులు రేపు అన్నం తినడానికి కావాల," అన్నాడు. నడుముతో లాగాను. చివరికి చేరడం, వదలడం, నీళ్ళ దగ్గరికి వెళ్ళి మళ్ళీ పట్టుకోవడం. నా గొంతు ఎప్పుడు హైలెస్సా అనడం మొదలుపెట్టిందో నాకే తెలియదు.

ఎప్పుడో ఒక చోట, అది ఏ చోటో చెప్పలేను, నొప్పి ఉంది గాని అది నాది కానట్టయింది. అరచేతులు మండుతున్నాయని తెలుస్తూనే ఉంది, పక్క ఊళ్ళో ఎవరికో మండుతున్నట్టు. ఎండ బాగుంది. సముద్రం ఎప్పుడూ లేనంత దగ్గరగా ఉంది. పడవ కొస మీద కూర్చున్న కాకి కూడా చక్కగా, పద్ధతి గలదానిలా కనిపించింది. నత్తల మీద పాత అభిమానం తిరిగి వచ్చింది. వచ్చే ఏడు మా చెల్లెలి పక్కన, కిటికీ దగ్గర కూర్చోవడం అంత అన్యాయమేమీ కాదనిపించింది. పైగా అక్కడ గాలి బాగా వస్తుంది.

వల ఒడ్డుకి వచ్చింది. వల అడుగు సంచి నిండా చిన్న కవళ్ళ చేపలు, మధ్యలో కానాగంతలు, వెండి పోసినట్టు గిలగిలలాడుతున్నాయి. ఆడవాళ్ళు గంపలతో దిగారు. నేను తడి ఇసకలో కూలబడి, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని, అందరినీ చూసి నవ్వుతూ కూర్చున్నాను. ఇంతకాలం ఈ పని ఎందుకు చేయలేదా అని ఆలోచిస్తున్నాను.

రూమ్మేటు వచ్చి భుజం పట్టుకుని ఊపాడు.

"బావా."

"ఏంట్రా బావా, ఎంత బాగుందో చూశావా?"

"ఒరే, బాగున్నాది సరే, పట్టీ కట్టవేటిరా? సగం మంది టీ కాడికి ఎల్లిపోనారు."

లేచిన తీరు నాకే గుర్తు లేదు. మేడమ్ చెప్పిన మాట, కిటికీ పక్క సీటు, రెండూ ఒకేసారి నెత్తిన పడ్డాయి. ఇందాకటి గాలి బాగా వచ్చే సీటు ఉన్నట్టుండి ఉక్కపోసింది. పడవ చాటు లేదు, మర్యాద లేదు. చేపలు ఏరుతున్నవాళ్ళ దగ్గరికే వెళ్ళి, తడి చేతులకే పట్టీ చుట్టి, గాలి కొట్టాను. రూమ్మేటు సూది చదివి రాశాడు. ఒకతను పట్టీ బిగుస్తుండగానే రెండో చేత్తో కవళ్ళు ఏరుతూ, "ఇంకా కొట్టు, ఇంకా కొట్టు, ఏటీ అవదు," అన్నాడు. పొద్దున్న పడవ చాటున అదే చెయ్యి అంతలో సగానికే చాలు అంది. మావ ఈసారి కళ్ళు మూసుకోలేదు. బావమరిది చూస్తుండగానే, నవ్వుతూ, సూది చాలా దూరం వెళ్ళాక చాలన్నాడు. టీ కొట్టు దగ్గరికి పరిగెత్తాను. అక్కడికి వెళ్ళినవాళ్ళు అప్పటికే రెండో గ్లాసులో ఉన్నారు. వాళ్ళ నల్లమందు దిగిపోయి టీ ఎక్కింది. వాళ్ళవి రాసుకోలేదు.

ప్రాజెక్టు రాసేటప్పుడు పెద్ద చిక్కు వచ్చింది. పాట లేని జట్టు అన్నది లేదు. సగం మంది కొలతలు లేవు. ఉన్నవాళ్ళలో చాలామందికి వల లాగాక నొప్పి ఓర్చుకునే శక్తి పెరిగింది, అది కనబడుతూనే ఉంది. కానీ అది ఆ మందు వల్లనా, చేపలు బాగా పడ్డ సంతోషం వల్లనా, చుట్టూ బావమరుదులు ఉండటం వల్లనా అన్నది పట్టీ చెప్పదు. ఆ మాట అలాగే రాశాను. సగం మంది లెక్క ఎందుకు లేదో కూడా రాయాలి కదా. ఎన్నో విధాల రాసి కొట్టేశాను. చివరికి, వల వచ్చిన వెంటనే పరిశోధకుడు కూడా ఆ ఆనందంలోనే ఉండటం చేత కొందరి కొలతలు తీసుకోలేకపోయాం, అని రాశాను. మేడమ్ ఆ వాక్యం కింద పెన్సిల్ గీత గీసి, వాక్యం మాత్రం కొట్టేయకుండా వదిలేశారు.

వైవాకి వేరే ఊరి నుంచి ఒక ప్రొఫెసరు గారు వచ్చారు. పుస్తకం తిరగేస్తూ సరిగ్గా ఆ గీత దగ్గర ఆగారు. తలుపు బయట మా చెల్లెలు నిలబడి ఉందని నాకు తెలుసు. దాని చెప్పులు తలుపు సందులోంచి కనిపిస్తున్నాయి.

"పరిశోధకుడు ఆనందంలో ఉండటం చేత. ఇదేమిటి?"

ఐసు బకెట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. మూగనోము దగ్గర కళ్ళజోడు తుడుచుకున్నారు. తరవాత బల్ల మీదున్న పట్టీ తీసుకుని, "చెయ్యి ఇలా పెట్టు. ముందు నువ్వెంత ఓర్చుకుంటావో చూద్దాం," అన్నారు.

సూది ఇంకా సగంలో ఉండగానే చాలన్నాను.

"ఇంతేనా?"

"ఇవాళ ఇంకా ఏమీ లాగలేదు సార్."

"ఏమీ లాగకపోవడమేమిటి? రెండేళ్ళ నుంచి ఈ కోర్సు లాగుతున్నావుగా," అన్నారు మేడమ్.

ఆయన గట్టిగా నవ్వి పుస్తకం మూశారు. ఫలితం చిన్నదేనని, కానీ ఎక్కడ తప్పిందో దాచకుండా చెప్పానని, వాటిలో రెండోదే ఎమ్మెస్సీకి ఎక్కువ అవసరమని అన్నారు. మార్కులు వేస్తూ, ఆ ఒడ్డుకి ఎలా వెళ్ళాలని అడిగారు. నిజంగా అడిగారో మర్యాదకి అడిగారో తెలియదు గాని, నేను మాత్రం దారి పూర్తిగా చెప్పాను.

బయటికి వచ్చేసరికి చెల్లెలు తలుపు పక్కనే ఉంది. మొహం చూసి తెలుసుకుంది. అయినా ఊరుకోలేదు.

"అయితే ఆ సీటు ఎవులికైనా ఇచ్చీమంటావేటి?"

"ఇచ్చీ."

"పాపం, నీ కోసం కిటికీ అద్దం తుడిసి ఉంచినాను," అని, నా సంచీ లాక్కుని ముందు నడిచింది. మెట్ల దగ్గర ఆగి, "అన్నియ్యా, ఆ వల లాగినప్పుడు నిజంగానే అంత బాగుంటాదా?" అని అడిగింది. ఈసారి వెక్కిరింపు లేదు.

"చూద్దువు గాని పద," అన్నాను.

ఆ ఆదివారమే దాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాం, నేనూ రూమ్మేటూ. మేం వెళ్ళేసరికి వల వచ్చేసింది. చెల్లెలికి తాడు దొరకలేదు, కబుర్లు మాత్రం దొరికాయి. పక్కింటావిడతో కలిసి చేపలు ఏరుతూ నా చిన్నప్పటి సంగతులన్నీ చెప్పేసింది. అత్త పెట్టె మూత తీసింది.

"పాసైపోనావంట కదా అల్లుడూ. అడుగున మంచి వంజరం ఉన్నాది. నీ కోసమే దాసినాను. సెయ్యెట్టి తీసుకో."

మోచేతి దాకా ఐసులో చెయ్యి పెట్టాను. చేప తగిలింది, వేళ్ళు పట్టుకోకముందే చెయ్యి బయటికి వచ్చేసింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ వచ్చేసింది. చెల్లెలు ఏరడం మానేసి చూస్తోంది. మావ చూస్తున్నాడు. బావమరుదులందరూ చూస్తున్నారు.

అత్త నా చెయ్యి పక్కకి నెట్టి, తన చెయ్యి దింపి, మా చెల్లెల్ని ఏం చదువుతున్నావు, ఏ ఊరి బస్సెక్కుతావు, కూర ఎలా వండుతావు అని అన్నీ అడిగి, జవాబులన్నీ పూర్తిగా విన్నాక, అప్పుడు మెల్లగా చేపని బయటికి తీసింది.